హోల్డౌట్ వార్త రాసేముందు కాంట్రాక్టు చూడండి

సంపాదకులకు నమస్కారం.

జులై చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ట్రైనింగ్ క్యాంపులు మొదలవగానే మన క్రీడా పేజీల్లో ఏటా ఒకే మూసలో వార్తలు వస్తున్నాయి. ఫలానా స్టార్ జీతం పెంచమని అలిగి క్యాంపుకు రాలేదు, రోజుకు 50 వేల డాలర్ల జరిమానా పడుతోంది, క్లబ్ మండిపడుతోంది. అంతటితో వార్త అయిపోతుంది. ఆ ఆటగాడు ఏ తరహా కాంట్రాక్టులో ఉన్నాడో, అసలు కాంట్రాక్టు ఉందో లేదో ఒక్క ముక్క కూడా ఉండదు. హోల్డౌట్‌లో, అంటే జీతం కోసం ఇలా క్యాంపుకు రాకుండా కూర్చోవడంలో, అన్నింటినీ తేల్చేది ఆ సంగతే. జరిమానా పడుతుందా, పడితే ఎంత, దాన్ని మాఫీ చేసే వీలుందా, ఏ తేదీలోపు రావాలి, రాకపోతే వచ్చే ఏడాది ఫ్రీ ఏజెంట్ (ఏ క్లబ్‌కైనా వెళ్లగలిగేవాడు) అవుతాడా లేదా... ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అది వదిలేసి జరిమానా అంకె మాత్రం వేస్తే పాఠకుడికి అసలు విషయం అందనట్టే.

2018లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రన్నింగ్ బ్యాక్ లెవియాన్ బెల్ సంగతి చూడండి. ఆ సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఒక్క డాలర్ జరిమానా కూడా కట్టలేదు. క్లబ్ అతనిపై వరసగా రెండో ఏడాది ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. అంటే ఒక్క సీజన్‌కు సుమారు 1.45 కోట్ల డాలర్లు ఇస్తానని చెప్పి, మరో క్లబ్‌కు స్వేచ్ఛగా వెళ్లకుండా కట్టేసింది. బెల్ ఆ ఆఫర్‌పై సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే కాంట్రాక్టు లేదు. కాంట్రాక్టు లేనివాడు క్యాంపుకు రావాల్సిన పని లేదు, కాబట్టి జరిమానా వేయడానికి ఆధారమే లేదు. అతను పోగొట్టుకున్నది జీతం. అప్పట్లో సీజన్ 17 వారాలు కాబట్టి వారానికి దాదాపు 8.55 లక్షల డాలర్లు.

ట్యాగ్ పడిన ఆటగాడి విషయంలో రెండు తేదీలు ముఖ్యం. జులై మధ్యలో వచ్చే గడువు దాటితే ఆ ఏడాదికి దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకునే దారి మూసుకుపోతుంది, ఒక్క సీజన్ కాంట్రాక్టే మిగులుతుంది. రెండోది సీజన్ పదో వారం తర్వాత వచ్చే మంగళవారం, తూర్పు అమెరికా సమయం సాయంత్రం 4 గంటలు. ఆలోగా సంతకం పెట్టకపోతే ఆ సీజన్‌లో ఇక ఆడనివ్వరు. 2018లో అది నవంబర్ 13న పడింది. బెల్ రాలేదు. మరుసటి మార్చిలో న్యూయార్క్ జెట్స్ అతనికి 4 ఏళ్లకు 5.25 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. స్టీలర్స్‌కు శాలరీ క్యాప్‌లో (క్లబ్ జీతాల మొత్తంపై పరిమితి) అతని పేరిట కేటాయించిన సొమ్ము మిగిలింది. అతని స్థానంలో ఆడిన జేమ్స్ కానర్ అదే ఏడాది లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఎవరు నెగ్గారన్నది ఈ వివరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేలదు.

ఇక కాంట్రాక్టు ఉండి కూడా రానివాళ్లు. వీళ్లలోనూ రెండు తరగతులున్నాయి, మన వార్తలు గజిబిజి చేసేది ఇక్కడే. 2020లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం 2030 సీజన్ దాకా అమల్లో ఉంటుంది. దాని ప్రకారం డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) వచ్చినప్పుడు రాసుకున్న తొలి కాంట్రాక్టులో ఇంకా ఉన్నవాడికి క్యాంపులో రోజుకు 40 వేల డాలర్ల జరిమానా. దాన్ని క్లబ్ తర్వాత మాఫీ చేయవచ్చు. తొలి కాంట్రాక్టు దాటి వచ్చిన సీనియర్‌కు రోజుకు 50 వేలు. దాన్ని క్లబ్ మాఫీ చేయాలనుకున్నా కుదరదు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్ ఆటగాడు ఐదో ఏడాది ఆప్షన్‌లో (నాలుగేళ్ల తొలి కాంట్రాక్టును క్లబ్ మరో ఏడాది పొడిగించుకునే హక్కు) ఉంటే రోజువారీ జరిమానాకు తోడు అతను రాని ఒక్కో ప్రీసీజన్ మ్యాచ్‌కు ఒక వారం జీతం కూడా పోతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో 2024 ఆగస్టు చూపించింది. డాలస్ కౌబాయ్స్ వైడ్ రిసీవర్ సీడీ ల్యాంబ్, న్యూయార్క్ జెట్స్ డిఫెండర్ హాసన్ రెడిక్ ఇద్దరూ ఒకే సమయంలో క్యాంపుకు దూరంగా ఉన్నారు. ల్యాంబ్ ఇంకా తొలి కాంట్రాక్టులోనే, ఐదో ఏడాది ఆప్షన్‌లో ఉన్నాడు. మాఫీ వీలున్న జరిమానా కాబట్టి అది బేరంలో ఒక అంశం మాత్రమే. ఆగస్టు చివర్లో 4 ఏళ్లకు 13.6 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్టుతో తిరిగొచ్చాడు. రెడిక్‌కు ఆ వీలు లేదు. 2022లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో 3 ఏళ్లకు రాసుకున్న కాంట్రాక్టుతోనే అతను 2024 మార్చిలో జెట్స్‌కు ట్రేడ్ అయ్యాడు. ఆ ఏడాది మూలవేతనం 1.425 కోట్ల డాలర్లు. ఇప్పుడు సీజన్ 18 వారాలు కాబట్టి 18తో భాగిస్తే వారానికి 7.91 లక్షలు. అతను మొదటి 7 మ్యాచ్‌లకు రాలేదు. అక్కడికే 55 లక్షల డాలర్లకు పైగా జీతం పోయింది, క్యాంపు రోజుల జరిమానా దానికి అదనం. అక్టోబర్‌లో సవరించిన కాంట్రాక్టుతో వచ్చి 10 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్క శాక్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు. అంతకుముందు నాలుగు సీజన్లలో కలిపి 50.5 శాక్‌లు చేసిన ఆటగాడతను. ఇద్దరి గురించీ "హోల్డౌట్" అని ఒకే పద్ధతిలో రాయడం ఎంత తప్పో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మాఫీ కుదరని జరిమానా ఆటగాళ్లకు చేసిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అంతకుముందు హోల్డౌట్ సామరస్యంగా ముగిస్తే జరిమానాలు వదిలేయడం రెండు పక్షాలకూ మర్యాదగా బయటపడే దారిగా ఉండేది. 2020లో ఆ దారి మూసేశారు. ఇప్పుడు లోటు పూడ్చాలంటే కొత్త కాంట్రాక్టులో బోనస్ రూపంలో ఇంకో చోట చూపించాలి, అది క్లబ్ దయ. మరి సంఘం దీనికి ఎందుకు ఒప్పుకుంది? ఓటింగ్ అంకెలు చూడండి: అనుకూలం 1,019, వ్యతిరేకం 959. ఓటు ప్రతి ఆటగాడికీ ఒక్కటే. లీగ్‌లో పెద్ద సంఖ్య కనీస వేతనం మీదో, దానికి దగ్గర్లోనో ఆడేవాళ్లది. వాళ్లకు కనీస వేతనం పెరగడం, ఆదాయంలో ఆటగాళ్ల వాటా 47 నుంచి 48 శాతానికి చేరడం ముఖ్యం. హోల్డౌట్ చేసే స్థాయికి వాళ్లలో ఎక్కువమంది చేరరు. ఏటా పట్టుమని పదిమంది స్టార్లకు తగిలే నిబంధన కోసం మిగతావాళ్లు ఒప్పందాన్ని తిప్పికొట్టలేదు.

జరిమానా కన్నా లోతుగా కోసే నిబంధనలు మరో రెండున్నాయి, మన పేజీల్లో అవి దాదాపు కనిపించవు. ఒకటి, సైనింగ్ బోనస్ వెనక్కి తీసుకోవడం. బోనస్ ముందే చేతికిచ్చినా లెక్కల్లో కాంట్రాక్టు ఏళ్లకు సమానంగా పంచుతారు. క్యాంపుకు ఆరో రోజు దాకా రాకపోతే ఆ ఏడాది వాటాలో 15 శాతం దాకా, ఆపైన రోజుకో శాతం చొప్పున 25 శాతం వరకు క్లబ్ తిరిగి అడగవచ్చు. సీజన్ మ్యాచ్‌లు ఎగ్గొడితే అది ఇంకా పెరుగుతుంది. బోనస్ పెద్దదైన కొద్దీ ఈ దెబ్బ రోజువారీ జరిమానాను మించిపోతుంది.

రెండోది అక్రూడ్ సీజన్ లెక్క. ఒక సీజన్‌లో కనీసం 6 మ్యాచ్‌ల పాటు పూర్తి జీతం హోదాలో ఉంటే అది ఆటగాడి ఖాతాలో పడుతుంది. అలాంటివి నాలుగు ఉండి కాంట్రాక్టు ముగిస్తే ఏ క్లబ్‌కైనా వెళ్లే పూర్తి స్వేచ్ఛ వస్తుంది. మూడే ఉంటే పరిమిత స్వేచ్ఛ మాత్రమే: వేరే క్లబ్ ఆఫర్ ఇచ్చినా పాత క్లబ్ దానికి సమానంగా ఇచ్చి అట్టిపెట్టుకోవచ్చు. మూడుకు తక్కువుంటే పాత క్లబ్ కనీస వేతనం ఇస్తానన్నా మరెవరితోనూ మాట్లాడే వీలుండదు. గతంలో తొలి మ్యాచ్‌కు 30 రోజుల ముందు క్యాంపుకు వస్తే సరిపోయేది, అందుకే ఆగస్టు మొదటి వారాల్లో చాలామంది తిరిగొచ్చేవారు. 2020 నుంచి ఆ వెసులుబాటు లేదు. కాంట్రాక్టు ఉన్నవాడు క్యాంపు మొదలయ్యే తప్పనిసరి తేదీకే హాజరు కావాలి, లేదంటే ఆ సీజన్ ఖాతాలో పడదు. అంటే మూడు సీజన్లు పూర్తయి నాలుగో ఏడాదిలో ఉన్నవాడు ఒక్కరోజు ఆలస్యంగా వచ్చినా వచ్చే మార్చిలో పూర్తి స్వేచ్ఛ చేజారే ప్రమాదం ఉంది. ఐదో, ఆరో ఏడాదిలో ఉన్నవాడికి ఈ భయం లేదు. అందుకే ఎన్నో ఏడాది ఆటగాడన్నది వార్తలో తప్పక ఉండాలి. ఇంకో మెలిక: సీజన్ మొత్తం రాకుండా కూర్చుంటే కాంట్రాక్టులో ఆ ఏడాది కరిగిపోదు, తర్వాతి ఏడాదికి జరుగుతుంది. ఏడాది పోయినా అదే జీతం, అదే క్లబ్.

ఇక్కడే చెప్పవలసిన చిన్న సవరణ ఒకటుంది. మే, జూన్ నెలల్లో జరిగే ఓటీఏలు (సీజన్‌కు ముందు జట్టు ప్రాక్టీసులు) స్వచ్ఛందం. వాటికి రాకపోవడం హోల్డౌట్ కాదు, జరిమానా ఉండదు. జూన్‌లో మూడు రోజుల మినీక్యాంప్ మాత్రం తప్పనిసరి. మూడు రోజులూ ఎగ్గొడితే కలిపి సుమారు లక్ష డాలర్లు, మొదటి రోజు తక్కువ, మూడో రోజు ఎక్కువ.

ఈ నిబంధనల ఒత్తిడి వల్లే ఆటగాళ్లు కొత్త దారి పట్టారు. దాన్ని హోల్డిన్ అంటున్నారు. క్యాంపుకు సమయానికి వస్తారు, సమావేశాల్లో కూర్చుంటారు, వైద్య పరీక్షలు చేయించుకుంటారు, మైదానం పక్కన నిలబడతారు. పూర్తి స్థాయి ప్రాక్టీస్‌లోకి మాత్రం దిగరు. హాజరు పడింది కాబట్టి రోజువారీ జరిమానా లేదు, అక్రూడ్ సీజన్‌కు ఢోకా లేదు. 2021లో స్టీలర్స్ ఆటగాడు టి.జె. వాట్ క్యాంపంతా విడి కసరత్తులకే పరిమితమై, సీజన్ మొదలయ్యే ముందు 4 ఏళ్లకు 11.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. 2025లో మైకా పార్సన్స్ డాలస్ క్యాంపుకు వచ్చాడు కానీ ప్రాక్టీస్ చేయలేదు. ఆగస్టు 28న కౌబాయ్స్ అతన్ని గ్రీన్ బే ప్యాకర్స్‌కు పంపి రెండు మొదటి రౌండ్ పిక్‌లను (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే అవకాశాలు), ఆటగాడు కెన్నీ క్లార్క్‌ను తీసుకుంది. ప్యాకర్స్ అతనికి 4 ఏళ్లకు 18.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. "క్యాంపులోనే ఉన్నాడు, కాబట్టి గొడవ సద్దుమణిగింది" అని అలాంటి రోజుల్లో రాయడం పొరపాటు. నడుం నొప్పి, తొడ కండరం పట్టేసిందన్న ప్రకటనలు వెలువడుతుంటే బేరం ఇంకా సాగుతోందేమోనని చూసుకోవాలి.

హోల్డిన్‌లో ప్రమాదమేమీ లేదన్నదీ నిజం కాదు. వైద్య కారణం లేకుండా ప్రాక్టీస్‌కు నిరాకరిస్తే జట్టుకు హాని కలిగించే ప్రవర్తన కింద క్లబ్ చర్య తీసుకోవచ్చు. జీతం లేకుండా నాలుగు వారాల దాకా సస్పెన్షన్ విధించవచ్చు. 2005లో ఫిలడెల్ఫియా ఈగల్స్ టెరెల్ ఓవెన్స్‌ను నాలుగు మ్యాచ్‌లు సస్పెండ్ చేసి, మిగతా సీజన్‌కూ పక్కన పెట్టింది. మధ్యవర్తి క్లబ్ వైపే తీర్పిచ్చాడు.

రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) వైపు నుంచి కూడా చూడాలి. వేసవిలో క్లబ్ దగ్గర 90 మంది ఉంటారు. ఆగస్టు చివరి మంగళవారం నాటికి 53కు కుదించాలి. వీళ్లు కాక ప్రాక్టీస్ చేస్తూ అవకాశం కోసం చూసే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 16 మంది. మ్యాచ్ రోజు 48 మందినే దించవచ్చు, అదీ వాళ్లలో కనీసం 8 మంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే, లేకపోతే 47. ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి మ్యాచ్‌కు ఇద్దరిని పైకి తెచ్చుకోవచ్చు, ఒక్కొక్కరిని సీజన్‌లో మూడుసార్లకు మించకుండా. ఇంత బిగుతు లెక్కలో రానివాడి పేరు ఒక చోటు తింటుందా అన్నది కోచ్‌కు పెద్ద ప్రశ్న. తినదు. అతన్ని రిజర్వ్‌లో "డిడ్ నాట్ రిపోర్ట్" జాబితాకు పంపుతారు. ఆ చోటులో మరొకరిని తీసుకుంటారు. రెడిక్‌ను జెట్స్ అక్కడే పెట్టింది. కాబట్టి "ఫలానా ఆటగాడు 53 మంది జాబితాలో లేడు, తొలగించారు" అని రాసే ముందు ఏ జాబితాకు వెళ్లాడో చూడాలి. తొలగింపు అంటే కాంట్రాక్టు రద్దు. రిజర్వ్ అంటే హక్కులన్నీ క్లబ్ చేతిలోనే ఉన్నట్టు.

అతను తిరిగొచ్చాక వెంటనే 53లో చేర్చాలనీ లేదు. సాధారణంగా రెండు వారాల దాకా రోస్టర్ మినహాయింపు దొరుకుతుంది, ఆలోగా ఒళ్లు ఆటకు సిద్ధం చేసుకోవాలి. ఈ వ్యవధి ఊరికే పెట్టలేదు. ఆటగాడు ఒంటరిగా ఎంత పరుగెత్తినా, ఎంత బరువులెత్తినా ఎదుటివాడి కదలికకు తగ్గట్టు ఒక్కసారిగా వేగం పెంచి దిశ మార్చే పని క్యాంపులోనే అలవడుతుంది. 2010లో జెట్స్ కార్నర్‌బ్యాక్ డారెల్ రెవిస్ క్యాంపంతా దూరంగా ఉండి, సీజన్‌కు ముందు 4 ఏళ్లకు 4.6 కోట్ల డాలర్ల కాంట్రాక్టుతో వచ్చాడు. రెండో వారంలోనే తొడ వెనక కండరం దెబ్బతింది.

ఈ మినహాయింపు నిబంధనలు క్లబ్‌కు ఆయుధంగానూ పనిచేస్తాయి. 2005లో శాన్‌డియేగో చార్జర్స్ టైట్ ఎండ్ ఆంటోనియో గేట్స్ అక్రూడ్ సీజన్లు తక్కువున్న ఆటగాడు, మరో క్లబ్‌తో మాట్లాడే హక్కు లేదు. క్లబ్ పెట్టిన గడువు దాటాక సంతకం చేయడంతో అతన్ని రోస్టర్ మినహాయింపు జాబితాలో ఉంచారు. మొదటి మ్యాచ్‌కు సిద్ధంగా ఉండి కూడా ఆడలేకపోయాడు. ఆ మ్యాచ్‌లో డాలస్ చేతిలో చార్జర్స్ 28-24తో ఓడింది. పంతానికి పోయి సొంత జట్టునే దెబ్బతీసుకున్న సందర్భంగా నేను దీన్ని చూస్తాను.

కొత్తగా డ్రాఫ్ట్ అయినవాళ్ల గొడవ వేరు, చిన్నది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 6 ఏళ్లకు 7.8 కోట్ల డాలర్లు దక్కాయి. మరుసటి ఏడాది జీతాలకు పరిమితి వచ్చాక మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు 4 ఏళ్లకు 2.2 కోట్లు. మొత్తం దాదాపు ముందే ఖాయమైపోవడంతో తగువు షరతుల మీదకు మళ్లింది. 2016లో జోయి బోసా చార్జర్స్‌తో నెలరోజులు పట్టుబట్టింది బోనస్ ఎప్పుడిస్తారన్న దాని మీదా, తనను తీసేసి వేరే క్లబ్ జీతమిస్తే ఆ మేరకు తగ్గించుకునే షరతు మీదా. 2025లో షెమార్ స్టువర్ట్ సిన్సినాటి బెంగాల్స్‌తో తగువుపడింది ఏ సందర్భంలో గ్యారంటీ (ఆటగాణ్ని తీసేసినా ఇచ్చి తీరాల్సిన సొమ్ము) రద్దవుతుందన్న వాక్యం మీద. అదే వేసవిలో రెండో రౌండ్ ఆటగాళ్లు చాలామంది పూర్తి గ్యారంటీ కోసం జులై దాకా సంతకం పెట్టలేదు. వీళ్లెవరికీ కాంట్రాక్టు లేదు కాబట్టి జరిమానా ప్రశ్నే రాదు. ఇంకో ముఖ్యమైన నిబంధన: డ్రాఫ్ట్ అయినవాడు మూడో సీజన్ ముగిసేదాకా కాంట్రాక్టు తిరగరాయించుకోలేడు. రెండో ఏడాదిలో అద్భుతంగా ఆడినవాడు "జీతం పెంచమన్నాడు, క్లబ్ ఒప్పుకోలేదు" అని వార్త రాస్తే అది అసాధ్యాన్ని వార్తగా రాయడమే. క్లబ్ ఒప్పుకున్నా నిబంధన ఒప్పుకోదు.

హోల్డౌట్ ఫలిస్తుందా అంటే స్థానాన్ని బట్టి, ప్రత్యామ్నాయాన్ని బట్టి ఉంటుంది. 1993లో ఎమ్మిట్ స్మిత్ లేకుండా డాలస్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది, వెంటనే అతనితో ఒప్పందం చేసుకుంది, ఆ సీజన్ సూపర్ బౌల్ కూడా గెలిచింది. 2023లో క్రిస్ జోన్స్ లేని కాన్సాస్ సిటీ చీఫ్స్ తొలి మ్యాచ్‌లో డెట్రాయిట్ చేతిలో 21-20తో ఓడింది. కొద్ది రోజుల్లో అతని ఏడాది కాంట్రాక్టు సవరించారు. అదే 2019లో చార్జర్స్ రన్నింగ్ బ్యాక్ మెల్విన్ గోర్డన్ నాలుగు మ్యాచ్‌లు రాకపోతే ఆస్టిన్ ఎకలర్ ఆ చోటు నిలబెట్టాడు. గోర్డన్ పెంపు లేకుండానే తిరిగొచ్చి, మరుసటి ఏడాది డెన్వర్‌లో 2 ఏళ్లకు 1.6 కోట్లకు సంతకం చేశాడు.

చివరగా కాంట్రాక్టు మొత్తం గురించి ఒక విన్నపం. 2019 సెప్టెంబర్‌లో హోల్డౌట్ ముగించిన ఎజెకియల్ ఎలియట్‌కు డాలస్ 6 ఏళ్లకు 9 కోట్ల డాలర్లు ఇచ్చిందని అన్నిచోట్లా పతాక శీర్షికలు వచ్చాయి. అందులో గ్యారంటీ 5 కోట్లు. ఆ కాంట్రాక్టు 2026 దాకా ఉండాల్సింది, 2023 మార్చిలోనే అతన్ని తీసేశారు. మిగిలిన ఏళ్ల జీతం కాగితం మీదే ఉండిపోయింది. శీర్షికలో మొత్తం అంకె వేసినా, మొదటి పేరాలోనే గ్యారంటీ ఎంతో, ఎన్నో ఏడాది దాకా అది వర్తిస్తుందో వేయండి. వచ్చే ఆగస్టులో 53 మంది జాబితాలు వెలువడిన రోజు రానివాళ్ల పేర్ల పక్కన వాళ్లు తొలి కాంట్రాక్టులో ఉన్నారో, దాటారో, ట్యాగ్‌లో ఉన్నారో, ఎన్ని అక్రూడ్ సీజన్లు ఉన్నాయో నాలుగు వరుసల పట్టికగా ఇస్తే చాలు. సెప్టెంబర్‌లో ఎవరెప్పుడు తిరిగొస్తారో పాఠకులే లెక్కగట్టుకోగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు